కుళాయిల గట్టు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. "అన్నా, మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కదా, మనవాళ్ళకు పనికొచ్చేది రాయండి" అన్నారు. నిజానికి నేను సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాణ్ణి కాదు. ఎవరో తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో తలుపులు, కిటికీలు, మెట్లు, వాష్ బేసిన్లు తయారుచేసేవాణ్ణి. ఎక్కడో కట్టబోయే భవనాలకు కావలసిన వస్తువులను హైదరాబాద్‌లో కూర్చుని కంప్యూటర్‌లో ముందుగా తయారుచేసి ఇవ్వడం నా ఉద్యోగం.

ఒకసారి అంబేడ్కర్ జయంతికి హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇదే మాట చెబితే, ఎనిమిదో తరగతి తమ్ముడొకడు లేచి "కంప్యూటర్‌లో తలుపు చేస్తే ఏం లాభం అన్నా, దాన్ని ఎవరు తెరుస్తారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ తమ్ముడికి జవాబు. దాంతోపాటు దాదాపు ముప్పై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పని ఒక తప్పు కూడా ఇందులో ఉంది. అది మన పాత కుళాయిల గట్టు దగ్గర జరిగింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను 1990లో మూడో తరగతిలో మన హాస్టల్‌లో చేరాను. చేతిలో ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు. భోజనాల వరండా పక్కన ఉండే పాత గట్టు నా బ్యాచ్ వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. మూడడుగుల పైనే ఎత్తు, రెండడుగుల వెడల్పు, దాని వెనక గోడకు కుళాయిలు. పదో తరగతి అన్నలకు నడుము దాకా వచ్చేది. మాకు మెడ దాకా వచ్చేది. మునివేళ్ళ మీద నిలబడి, గట్టు మీద పొట్ట ఆనించి, చెయ్యి చాపితే కుళాయి అందేది. నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారేవి. అందుకని చిన్నపిల్లలం ఒక ఇటుక తెచ్చి వేసుకుని దాని మీద ఎక్కి పళ్ళాలు కడిగేవాళ్ళం. ఏ ఏడు చూసినా ఆ గట్టు కింద రెండు మూడు ఇటుకలు ఉండేవి. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. చిన్నపిల్లలు మారుతుండేవారు గానీ ఇటుకలు మాత్రం అక్కడే ఉండేవి.

1996లో నేను తొమ్మిదో తరగతి. భోజనాల మానిటర్‌ని. ఆ రాత్రి కరెంటు లేదు. వరండాలో ఒక్క లాంతరు వెలుగుతోంది. మూడో తరగతి పిల్లవాడొకడు ఇటుక మీద నిలబడి పళ్ళెం కడుగుతున్నాడు. వెనక లైను పెరిగిపోతోంది. "తొందరగా కానీ రా, ఇంకా ఎంతసేపు?" అని నేను గట్టిగా అరిచాను. వాడు ఉలిక్కిపడి తిరగబోయాడు. తడి ఇటుక జారింది. గట్టు అంచు మూతికి కొట్టుకుని ముందుపన్ను సగం విరిగింది. నోటి నిండా రక్తం.

వార్డెన్ సారు వచ్చి ఏం జరిగిందని అడిగారు. "అల్లరి చేస్తూ పడ్డాడు సార్" అన్నాను నేను. సారు వాణ్ణి స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళుతూ దారంతా తిట్టారట. ఆ మర్నాటి నుంచి వాడికి "సగంపన్ను" అని పేరు వచ్చింది. నేను అరిచిన సంగతి ఎవరూ అడగలేదు. ఇటుక సంగతి అడగలేదు. గట్టు ఎత్తు సంగతి అసలే అడగలేదు. గట్టు అంటే గట్టే. దానికి సరిపోయేలా పిల్లలే ఉండాలి అన్నట్టు ఉండేది మా అందరి ఆలోచన.

తర్వాత 1998లో పది పాసై, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, 2001లో హైదరాబాద్ వెళ్ళాను. అమీర్‌పేటలో ఆటోక్యాడ్ నేర్చుకుని డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆటోక్యాడ్‌లో మేము గీసే తలుపు అంటే నాలుగు గీతలు, ఒక వంపు గీత. అది తలుపని చూసే మనిషికి తెలుసు గానీ కంప్యూటర్‌కు తెలియదు. మూడడుగుల తలుపును మూడున్నర చెయ్యాలంటే ప్లాన్‌లో ఒకసారి, ఎలివేషన్‌లో ఒకసారి, సెక్షన్‌లో ఒకసారి, తలుపుల పట్టికలో ఒకసారి సవరించాలి. ఒక్కచోట మరిచిపోతే సైట్‌లో గొడవ. రాత్రుళ్ళు కూర్చుని ఇలాంటివి వందలు సవరించాను.

2008లో మా ఆఫీసులో రెవిట్ వచ్చింది. దీని వెనక కొంత చరిత్ర ఉంది. గీతల మధ్య ఉండే సంబంధాన్ని కంప్యూటర్ గుర్తుపెట్టుకునేలా చేయవచ్చని 1963లోనే ఇవాన్ సదర్లాండ్ అనే ఆయన అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాంతో చూపించాడు. 1980ల చివర యంత్రభాగాల రూపకల్పన కోసం ప్రో ఇంజినీర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడిన భాగాలన్నీ మారిపోయేవి. ఆ కంపెనీలో పనిచేసిన లియొనిడ్ రేజ్, ఇర్విన్ యుంగ్రైస్ అనే ఇద్దరు భవనాలకు కూడా ఇలాంటిది కావాలని 1997లో వేరే కంపెనీ పెట్టారు. 2000లో రెవిట్ మొదటి వెర్షన్ వచ్చింది. 2002లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 13 కోట్ల 30 లక్షల డాలర్లకు కొన్నది.

రెవిట్‌లో తలుపును గీయరు, పెడతారు. ఆ పెట్టే వస్తువును ఫ్యామిలీ అంటారు. దాని వెడల్పు, ఎత్తు, మందం లాంటి మారే కొలతలను పారామీటర్లు అంటారు. ఒక ఫ్యామిలీని ఒకసారి సరిగ్గా తయారుచేస్తే, దాన్ని భవనంలో 200 చోట్ల పెట్టుకోవచ్చు. వెడల్పు అంకె ఒక్కసారి మారిస్తే 200 తలుపులూ మారతాయి. ప్లాన్, ఎలివేషన్, పట్టిక అన్నీ వాటంతట అవే మారతాయి. "దాన్ని ఎవరు తెరుస్తారు?" అన్న తమ్ముడికి మొదటి జవాబు ఇది: కంప్యూటర్‌లోని తలుపును ఎవరూ తెరవరు. కానీ చెక్క కోయకముందే, గోడ లేవకముందే తప్పును దిద్దుకోవచ్చు. గోడ లేచాక దిద్దాలంటే సుత్తి కావాలి.

ఇలాంటి వస్తువును ఎలా తయారుచేస్తారో చెబుతాను. మా నాన్న తాపీ మేస్త్రి దగ్గర కూలీగా చేసేవారు. సెలవుల్లో నేనూ ఇటుకలు అందించడానికి వెళ్ళేవాణ్ణి. మేస్త్రి ఎప్పుడూ ముందు ఇటుక పెట్టడు. ముందు నూలు కడతాడు. రెండు చివర్లా మేకులు కొట్టి, తాడు బిగించి, దాని వెంట ఇటుకలు పేరుస్తాడు. రెవిట్‌లో ఆ నూలును రిఫరెన్స్ ప్లేన్ అంటారు. గట్టు తయారుచేయాలనుకోండి. ఎడమ చివరకు ఒకటి, కుడి చివరకు ఒకటి, ముందుకు, వెనకకు, పై అంచుకు ఒక్కొక్కటి గీయాలి. వాటి మధ్య కొలతలు వేసి, ఆ కొలతలకు "పొడవు", "ఎత్తు", "వెడల్పు" అని పేర్లు పెట్టాలి. పేరు పెట్టగానే అది ఊరికే అంకెగా ఉండదు, మనం మార్చగలిగే పారామీటర్ అవుతుంది. గట్టు దిమ్మెను ఆ తర్వాతే తయారుచేసి, దాని అంచులను ఆ ప్లేన్లకు తాళం వేయాలి. నిజంగానే చిన్న తాళం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కాలి. అప్పుడు నూలు జరిగితే గట్టు దాని వెంట జరుగుతుంది.

చాలామంది కొత్తవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు అందమైన వస్తువు తయారుచేసి, తర్వాత కొలతలు తగిలిస్తారు. గోడ కట్టాక నూలు కట్టినట్టు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అంకె మార్చినప్పుడు తేడా బయటపడుతుంది.

అందుకే అడుగడుగునా ఫ్లెక్స్ చేసి చూడాలంటారు. అంటే, ఎత్తును బాగా తగ్గించి చూడాలి, బాగా పెంచి చూడాలి, పొడవును సగం చేసి చూడాలి. మనకు కొత్త యూనిఫాం లాగులు ఇచ్చినప్పుడు ఏం చేసేవాళ్ళం? వేసుకుని నాలుగు గుంజీలు తీసేవాళ్ళం. కుట్టు ఊడితే అక్కడే ఊడనీ, స్కూల్లో ప్రార్థనలో ఊడొద్దని. ఫ్లెక్స్ చేయడం అంటే అదే. చిక్కుముడి ఉంటే కంప్యూటర్ "కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ శాటిస్ఫైడ్" అని ఎర్రజెండా చూపిస్తుంది. అంటే మనం ఒకదానికొకటి పొసగని రెండు షరతులు పెట్టామన్నమాట.

యూనిఫాం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పారామీటర్లలో రెండు రకాలు. ఒకటి టైప్, రెండోది ఇన్‌స్టాన్స్. ఈ తేడా దగ్గర డిగ్రీలు ఉన్నవాళ్ళు కూడా తడబడటం చూశాను. నాకు మాత్రం మన దర్జీ పుణ్యమా అని తొందరగా అర్థమైంది. ఆయన హాస్టల్ మొత్తానికి రెండే కొలతలు పెట్టుకునేవాడు, చిన్నది, పెద్దది. చిన్న సైజు కాగితం ముక్కను ఒక అంగుళం కత్తిరిస్తే చిన్న లాగులన్నీ అంగుళం పొట్టి అవుతాయి. అది టైప్. కానీ ఎవడి లాగు అంచు ఎంత మడవాలి అన్నది ఎవడికి వాడిదే. నా మడత విప్పితే పక్కవాడి లాగు పొడుగవదు. అది ఇన్‌స్టాన్స్. ఏది టైప్‌గా ఉంచాలి, ఏది ఇన్‌స్టాన్స్‌గా వదలాలి అని తేల్చడంలోనే ఈ పనిలో సగం తెలివి ఉంది.

ఇక సూత్రాలు. మన వార్డెన్ సారు ఇండెంట్ రాసేటప్పుడు తలకు ఇన్ని గ్రాములు అని బియ్యానికీ, పప్పుకూ లెక్క ఉండేది. హాజరు నూరు నుంచి తొంభై రెండుకు తగ్గితే అన్ని సరుకులూ దాని ప్రకారం తగ్గేవి. ఒక్క అంకె మారితే మిగతావన్నీ లెక్క ప్రకారం మారాలి. ఫ్యామిలీలో కూడా అంతే. కుళాయికీ కుళాయికీ మధ్య 600 మిల్లీమీటర్లు ఉండాలి అనుకుంటే, పొడవును 600తో భాగించి, భిన్నం వదిలేసి, అన్ని కుళాయిలు పెట్టు అని సూత్రం రాస్తాం. 3000 పొడవుకు ఐదు వస్తాయి. 3200 ఇచ్చినా ఐదే. 3600 ఇస్తే ఆరు. ఆ భిన్నం వదిలే పనికి రౌండ్‌డౌన్ అనే మాట ఉంది. ఇది మీరు హైస్కూల్లో చేసే లెక్క కంటే కష్టమైనదేమీ కాదు. ఒక చిక్కు మాత్రం ఉండేది. నేను నేర్చుకున్న రోజుల్లోని వెర్షన్లలో వరుసలో కనీసం రెండైనా ఉండాలి, ఒక్కటి వస్తే ఒప్పుకునేది కాదు. అందుకని "రెండు కంటే తక్కువైతే రెండే ఉంచు" అని సూత్రంలో ఒక షరతు చేర్చేవాళ్ళం.

ఇప్పుడు అసలు సంగతి. 2009లో ఒక విదేశీ పాఠశాల భవనం పని మా ఆఫీసుకు వచ్చింది. నర్సరీ నుంచి పెద్ద తరగతుల దాకా ఉన్న బడి. అందులో పిల్లలు చేతులు కడుక్కునే గట్టు ఫ్యామిలీ తయారుచేయమని నాకు ఇచ్చారు. నేను ఉత్సాహంగా చేశాను. పొడవుకు పారామీటర్ పెట్టాను, వెడల్పుకు పెట్టాను, కుళాయిల సంఖ్యకు సూత్రం రాశాను. ఎత్తు మాత్రం 800 అని నేరుగా అంకె కొట్టేశాను. దానికి ప్లేన్ లేదు, పేరు లేదు, తాళం లేదు. కుళాయిలను నేల నుంచి 1050 దగ్గర తగిలించాను. భవనంలో 38 చోట్ల పెట్టేశారు. చూడముచ్చటగా ఉంది.

పని పంపడానికి రెండు రోజుల ముందు మా టీమ్ లీడర్ మేడమ్ నన్ను పిలిచారు. నర్సరీ గదుల్లో గట్టు ఎత్తు తగ్గించాలని ఆర్కిటెక్ట్ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. ఆమె నా ఫ్యామిలీ తెరిచి ఎత్తు కోసం వెతికారు. కనబడలేదు. దిమ్మెను పట్టుకుని 600కు దించారు. గట్టు దిగింది. కుళాయిలు మాత్రం ఉన్నచోటే గాలిలో ఉండిపోయాయి.

"ఎత్తుకు పారామీటర్ ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు.

"గట్టు ఎత్తు మారదు కదా మేడమ్" అన్నాను.

"మారదని నీకు ఎవరు చెప్పారు?" అన్నారామె. కోపంగా కూడా కాదు, మామూలుగానే.

నాకు నోట మాట రాలేదు. తెర మీద ఆ గాలిలో వేలాడే కుళాయిలను చూస్తూ నిలబడ్డాను. నాకు ఎవరు చెప్పారు? మన హాస్టల్ గట్టు చెప్పింది. ఎనిమిదేళ్ళు రోజుకు మూడుసార్లు దాని ముందు నిలబడ్డాను. దాన్ని అందుకోలేక చొక్కా తడుపుకున్నవాణ్ణి నేను. ఇటుక మీద నిలబడినవాణ్ణి నేను. పన్ను విరగ్గొట్టుకున్న పిల్లవాణ్ణి చూసినవాణ్ణి నేను. ఆ ఆఫీసులో ఉన్న అందరికంటే ముందు నాకే తెలియాలి, గట్టు ఎత్తు మారాలని. కానీ మారదనే నేర్చుకున్నాను. పిల్లలెవరో తెలియని ఇంకో దేశంలో, 38 చోట్ల, అదే గట్టును మళ్ళీ పెట్టాను. అక్కడ మరి ఎవరు ఇటుక తెచ్చుకోవాలి?

ఆ రెండు రాత్రులు ఇంటికి వెళ్ళలేదు. ఫ్యామిలీ మొత్తం తీసేసి నూలు దగ్గర నుంచి మళ్ళీ కట్టాను. గట్టు పై అంచుకు ఒక ప్లేన్, దాని పైన కుళాయిలకు ఇంకో ప్లేన్. కుళాయిల ఎత్తును నేల నుంచి కాకుండా గట్టు అంచు నుంచి కొలిచాను. అప్పుడు గట్టు దిగితే కుళాయిలూ దిగుతాయి. ఎత్తును టైప్‌గా పెట్టి "చిన్న", "మధ్య", "పెద్ద" అని మూడు రకాలు చేశాను. పొడవును ఇన్‌స్టాన్స్‌గా వదిలాను, ఎందుకంటే ఏ గది గోడ పొడవు ఆ గదిదే. ఎత్తును కూడా ఇన్‌స్టాన్స్‌గా వదిలితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. పనిచేసేవాళ్ళ చెయ్యి తగిలి ఒకచోట 587, ఇంకోచోట 603 అవుతుంది. కట్టేవాడు తల పట్టుకుంటాడు. స్వేచ్ఛ ఇవ్వవలసిన చోట ఇవ్వాలి, కట్టవలసిన చోట కట్టాలి.

ఆ దెబ్బతో నేను రెండో వైపుకు వెళ్ళిపోయాను. తర్వాతి ఫ్యామిలీలో ఏదీ బిగించి వదలకూడదని 43 పారామీటర్లు పెట్టాను. గట్టు మూలల గుండ్రనిదనానికి ఒకటి, సబ్బు గుంట లోతుకు ఒకటి. పేర్లు ఏ1, ఏ2, బి1 అని పెట్టాను. గర్వంగా మేడమ్‌కు చూపించాను. వారం తిరగకుండా పక్క టీమ్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఏది మారిస్తే ఏది మారుతుందో ఎవరికీ తెలియడం లేదు. ఫైలు బరువెక్కి నత్తలా కదులుతోంది. మేడమ్ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగారు: "దీన్ని మార్చే అవసరం ఎవరికి వస్తుంది?" జవాబు చెప్పలేనివన్నీ తీసేశాం. చివరకు ఆరు మిగిలాయి. పొడవు, వెడల్పు, అంచు ఎత్తు, అంచు నుంచి కుళాయి ఎత్తు, కుళాయిల మధ్య దూరం, వెనక పలకలు ఉండాలా వద్దా. పేర్లు కూడా చదవగానే అర్థమయ్యేలా మార్చాం. కంప్యూటర్ ఏ పేరు పెట్టినా ఒప్పుకుంటుంది. మన తర్వాత వచ్చే మనిషికి అర్థం కావాలి.

ఇంత అనుభవం సంపాదించాక, 2023లో మన పూర్వ విద్యార్థులందరం తలా కొంత వేసుకుని హాస్టల్‌లో కొత్త గట్టు కట్టించాలనుకున్నాం. డ్రాయింగ్ నేను ఇస్తానన్నాను. ఒక ఆదివారం టేపు పట్టుకుని వచ్చి, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలను నిలబెట్టి మోచేతి ఎత్తులు కొలిచాను. 9 మీటర్ల గట్టు, మూడు భాగాలు, ఒక్కోటి 3 మీటర్లు, ఒక్కో దానికి ఐదు కుళాయిలు. ఎత్తులు 600, 700, 800. ఆ ఫ్యామిలీని ఎన్నిసార్లు ఫ్లెక్స్ చేశానో లెక్క లేదు. రంగుల్లో ప్రింటు తీసి తెచ్చాను.

తాపీ మేస్త్రి కాగితం చూశాడు. బాగుందన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీళ్ళు నింపిన మట్టం గొట్టం తీసి ఒక చివర కుర్రాడి చేతికిచ్చి వరండా దగ్గర నిలబెట్టాడు, రెండో చివర తాను పట్టుకుని కాలువ వైపుకు నడిచాడు. గోడ మీద గీత పెట్టి, అక్కడి నుంచి నేల దాకా కొలిచాడు. "బాబూ, ఈ వారన నేల నాలుగంగుళాలు పల్లంగా ఉంది. చిన్నపిల్లల గట్టు ఇటే కదా?" అన్నాడు.

నీళ్ళు పోవడానికి నేలను కాలువ వైపుకు వాలుగా చేసి ఉన్నారు. నా కంప్యూటర్‌లో నేల అంటే ఒక చదునైన సున్నా. 600 అని నేను వరండా దగ్గరి సున్నా నుంచి కొలిచాను. కాలువ వైపు నిలబడే మూడో తరగతి పిల్లవాడికి అది 700 అవుతుంది. చిన్నపిల్లల గట్టు మధ్య గట్టు అయిపోతుంది. అంత జాగ్రత్తపడినా వాళ్ళకు మళ్ళీ ఇటుక కావలసి వచ్చేది.

మేస్త్రి నాతో వాదించలేదు. మూడో తరగతి పిల్లలను నలుగురిని పిలిచి, రేపు ఎక్కడ నిలబడి కడుక్కుంటారో అక్కడే నిలబెట్టి, మోచెయ్యి దగ్గర గోడ మీద సుద్దతో గీతలు పెట్టాడు. తర్వాత నా కాగితం తీసి, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. అంచు నుంచి కుళాయి ఎత్తు, కుళాయిల మధ్య దూరం నా డ్రాయింగ్ ప్రకారమే కట్టాడు. నేల లెక్క మాత్రం సుద్దగీతల ప్రకారం కట్టాడు. హైదరాబాద్ తిరిగి వెళ్ళాక నా ఫ్యామిలీలో ఏడో పారామీటర్ చేర్చాను. దాని పేరు "నేల పల్లం". మారదని నేను అనుకున్న ఆఖరి అంకె సున్నా. దాన్ని మార్చి చూపించింది మేస్త్రి.

ఆ గట్టుకు సిమెంటు బస్తాల డబ్బు ఇచ్చినవాళ్ళలో ఆ సగంపన్ను తమ్ముడు కూడా ఉన్నాడు. ఇప్పుడు పన్ను కట్టించుకున్నాడు, నవ్వితే తెలియదు. గట్టు మొదలుపెట్టిన రోజు నా పక్కనే నిలబడి "అన్నా, మనప్పుడు ఇలా ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు. ఆ రోజైనా చెప్పాల్సింది. నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వు ఆ రాత్రి అల్లరి చేయలేదు. నేను అరిచాను, నువ్వు భయపడి తిరిగావు, ఇటుక జారింది. సారుకు నేను అబద్ధం చెప్పాను. తప్పు నాది, ఆ గట్టుది. నీది కాదు. నన్ను క్షమించు.

ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళకు నాలుగు మాటలు. సివిల్ డిప్లొమా చేసినా, ఐ.టి.ఐ.లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినా ఈ దారిలోకి రావచ్చు. ఆటోడెస్క్ వాళ్ళు విద్యార్థులకు రెవిట్‌ను ఉచితంగా ఇస్తారు, చదువుతున్నట్టు రుజువు చూపాలి. ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితం, పారామీటర్లతో పనిచేయడం అందులోనూ నేర్చుకోవచ్చు. ఇంగ్లీషు చూసి భయపడకండి. రోజూ వాడే ఆదేశాలు ఓ యాభై మాటలకు మించవు. మనం అంతకంటే కష్టమైనవి బట్టీ పట్టాం. కంప్యూటర్ దొరికేలోగా ఒక పని చేయండి. మీ ట్రంకు పెట్టెను కొలిచి బొమ్మ వేయండి. అందులో ఏ కొలత మారితే ఏవి మారాలి, ఏది మారకూడదు అని పక్కన రాయండి. మూత వెడల్పు పెట్టె వెడల్పుతోపాటే మారాలి. గొళ్ళెం సైజు మారక్కర్లేదు. తాళం గొళ్ళెం మధ్యలోనే ఉండాలి. ఇది రాయగలిగితే సగం పని వచ్చినట్టే. తర్వాత ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పెట్టె ఎవరు మోస్తారు?

ఇప్పుడు హాస్టల్‌లో ఉంటున్న చిన్న తమ్ముళ్ళకు ఒక విన్నపం. మీ అన్నలం బాగా కొలిచి కట్టించామనే అనుకుంటున్నాం. అయినా ఎక్కడో ఒకచోట మా లెక్క తప్పి ఉండవచ్చు. కుళాయి అందకపోతే మీ మోచెయ్యి దగ్గర గోడ మీద సుద్దతో ఒక గీత పెట్టి మాకు కబురు చేయండి. వచ్చి చూస్తాం. ఇటుక మాత్రం వేసుకోవద్దు.

జై భీమ్.

– ఒక పూర్వ విద్యార్థి, 1998 పదో తరగతి బ్యాచ్